ఆరు మంచాలు, ఒక్క కిటికీ

2025 జూన్‌లో మా అక్క చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని మైత్రీవనం చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్ళన్నీ తిరిగాను. డేటా సైన్స్ కోర్సట, ఆరు నెలలు. మైత్రీవనం సంగతి తెలియని వాళ్ళెవరైనా ఉంటే ఒక్కమాట చెప్తాను. అమీర్‌పేటలో హుడా వాళ్ళు కట్టిన భవనం అది. ఆ పేరే ఇప్పుడు ఆ వీధులన్నిటికీ పేరైపోయింది. పక్కనే ఆదిత్య ఎన్‌క్లేవ్, ఆ వెనక సందులు, గోడలనిండా జావా, శాప్, టెస్టింగ్ టూల్స్ బోర్డులు. డిగ్రీ చేతికొచ్చిన తెలుగు పిల్లలు ఏళ్ళ తరబడి బ్యాగు భుజాన వేసుకుని దిగుతున్న చోటది. వాళ్ళకి తిండీ పడకా చూపించే హాస్టళ్ళు ఎస్సార్‌నగర్, బల్కంపేట, పంజగుట్ట దాకా ఇంటికొకటి చొప్పున ఉన్నాయా అనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలో కరోనా కేసులు మళ్ళీ కొద్దిగా పెరుగుతున్నాయని పేపర్లలో వచ్చింది. తెనాలి నుంచి అక్క ఫోను. ‘‘దానికి చిన్నప్పట్నుంచీ జలుబు ఎక్కువే. ఇమ్యూనిటీ తక్కువేమోనే. ఏదైనా మందు కొనిపెట్టవే’’ అని.

ఆ ఫోను వచ్చేసరికి నేను ఒక హాస్టల్ మూడో అంతస్తులో నిలబడి ఉన్నాను. గదిలో ఆరు మంచాలు. ఒక్కటే కిటికీ. ఆ కిటికీకి అడ్డంగా ఇనప బీరువా. ‘‘కిటికీ తీస్తే దోమలొస్తాయమ్మా, ఏసీ ఉందిగా’’ అంది వార్డెను, అదొక గొప్ప సౌకర్యమన్నట్టు.

పిల్ల ఇమ్యూనిటీ సంగతి తర్వాత, ముందు ఆ బీరువా సంగతి చూడాలే అక్కా అందామనుకున్నాను. అనలేదు. ఎందుకంటే ఈ తెలివి నాకూ మొదట్నుంచీ ఉన్నదేం కాదు. చాలా ఆలస్యంగా వచ్చింది, ఊరికే కూడా రాలేదు.

ఐదేళ్ళు వెనక్కి వెళ్దాం. తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ దుబాయి వెళ్ళొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. గాంధీ ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు. 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన. 24 రాత్రి ప్రధాని టీవీలో కనబడి దేశమంతా 21 రోజులు అన్నారు. మర్నాడు 25, ఉగాది.

ఆ ఉగాదినాడు అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ వీధులు చూసినవాళ్ళు మర్చిపోలేరు. హాస్టళ్ళ వాళ్ళు చాలామంది పిల్లల్ని ఖాళీ చేయమన్నారు. వంటవాళ్ళు లేరు, సరుకులు దొరకవు, ఎవరికైనా జబ్బొస్తే మా నెత్తిన పడుతుంది, ఇవీ వాళ్ళ కారణాలు. బస్సుల్లేవు, రైళ్ళు లేవు. ఊరు వెళ్ళాలంటే పోలీసుల పాసు కావాలి. ఇంకేముంది, పోలీస్ స్టేషన్ల ముందు వేలమంది పిల్లలు, బ్యాగులతో, బకెట్లతో, పరుపు చుట్టలతో. మీటరు దూరం పాటించండి అని టీవీలో చెప్తున్నారు, ఇక్కడ ఒకరి భుజం మీద ఒకరి గడ్డం.

ఆ లైన్లో మా అక్క పెద్దకూతురు కూడా ఉంది. అప్పుడది టెస్టింగ్ టూల్స్ నేర్చుకుంటూ హాస్టల్లో ఉండేది.

మరి మా ఇల్లెక్కడ? మధురానగర్‌లో. ఆ హాస్టల్ నుంచి నడిచొస్తే ఇరవై నిమిషాలు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. అదే ప్రశ్న అక్క కూడా అడిగింది, కాకపోతే ఫోన్లో అడక్కుండా కళ్ళతో అడిగింది, ఏడాది తర్వాత కలిసినప్పుడు. మాది రెండు పడగ్గదుల ఇల్లు. అత్తయ్యకి డెబ్బై దాటాయి, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ‘‘వందమంది ఉన్న హాస్టల్ నుంచి వస్తుంది. అమ్మకి ఏదైనా అయితే? రేపటిదాకా చూద్దాం’’ అన్నారు మా ఆయన. ఆయన్ని అనడమెందుకు, నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అదే భయం. రేపటిదాకా చూద్దామన్న మాట నా నోట్లోంచి రానందుకు సంతోషించాను కూడా. సాయంత్రానికి పిల్ల ఫోను చేసింది. ‘‘పిన్నీ, మేం అయిదుగురం కలిసి కారు మాట్లాడుకున్నాం. సూర్యాపేట దాటాం.’’

జగ్గయ్యపేట ముందు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. రాష్ట్రంలోకి వచ్చేవాళ్ళెవరైనా 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాల్సిందేనని అటు ఆంధ్ర ప్రభుత్వం. ఆ రాత్రి అక్కడ రోడ్డు మీద ఆగిన కార్లు, మోటారుసైకిళ్ళు, పిల్లలు టీవీల్లో కనబడుతూనే ఉన్నారు. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాక కొందరిని వదిలారు, కొందరు వెనక్కి తిరిగారు. ఇటు హైదరాబాదులో పాసులు ఆపేసి, పిల్లల్ని బయటికి పంపితే ఊరుకోమని హాస్టళ్ళని హెచ్చరించారు. అప్పటికే వెళ్ళాల్సిన వాళ్ళు వెళ్ళిపోయారు.

అన్నట్టు క్వారంటైన్ అనే మాట మనకి కొత్తేం కాదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాత హైదరాబాదీలు కోరంటి దవాఖానా అనేవారు. ఆ కోరంటి ఈ క్వారంటైనే. మాట పాతదే, మనమే మర్చిపోయాం.

మా పిల్లకి ఏం కాలేదు. 14 రోజులూ గడిచాయి, దగ్గు కూడా రాలేదు. కానీ వాళ్ళ వీధిలో అక్కని చూసి పక్కకి జరిగినవాళ్ళున్నారు. పాలవాడు ప్యాకెట్ గేటుకి తగిలించి పారిపోయేవాడు. ‘హైదరాబాదు పిల్ల’ అని పేరుపడింది. అది బయట తిరిగింది కాబట్టి దానికి వచ్చే ఉంటుంది అని అందరి లెక్క. మా లెక్క కూడా అదే కదా.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పుడు చూద్దాం. అందులో రెండు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయి. జబ్బు ఎవరికి సోకుతుంది అన్నది ఒక ప్రశ్న. సోకితే ఎవరికి ముదురుతుంది అన్నది వేరే ప్రశ్న. వయసు, షుగరు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, స్థూలకాయం, ఇవన్నీ ముఖ్యంగా రెండోదానికి జవాబులు. మా అత్తయ్యకి షుగరుంది కాబట్టి వైరస్ ఆవిణ్ణి వెతుక్కుంటూ వస్తుందని కాదు, వచ్చాక ఆవిడ ఒళ్ళు తట్టుకోవడం కష్టమని. గర్భిణుల సంగతీ అంతే. వాళ్ళకి ప్రత్యేకంగా ఎక్కువ అంటుకుంటుందని కాదు, అంటుకుంటే ఆసుపత్రి దాకా వెళ్ళే అవకాశం ఎక్కువ. మగవాళ్ళు, ఆడవాళ్ళు అన్న తేడా చూసినా అంతే. సోకడంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. చనిపోయిన వాళ్ళలో మాత్రం మగవాళ్ళే ఎక్కువ.

ఇక మొదటి ప్రశ్న. 2020లో అది కొత్త వైరస్. ఎవరి ఒంట్లోనూ దాన్ని గుర్తుపట్టే రక్షణ లేదు. పహిల్వానుకీ లేదు, ఊబకాయానికీ లేదు. చిన్నప్పట్నుంచీ జలుబు పడుతుందన్నంత మాత్రాన ఈ జబ్బు ముందుగా పట్టుకుంటుందనీ కాదు. బ్లడ్ గ్రూపు ‘ఓ’ అయితే రాదని ఒక ప్రచారం జరిగింది గుర్తుందా? కొన్ని పరిశోధనల్లో కొద్దిపాటి తేడా కనబడిన మాట నిజమే గానీ, దాన్ని నమ్ముకుని మాస్కు తీసేసేంత తేడా కాదది. మిరియాల కషాయాలు, నిమ్మరసాలు, జింకు బిళ్ళలు మేమూ మింగాం. కడుపులో మంట వచ్చింది, అంతే.

ఎవరికి సోకుతుందన్నది ఎక్కువగా ఒంటి మీద కాదు, చోటు మీద ఆధారపడింది. ఎవరి ఊపిరి మనం పీలుస్తున్నాం, ఎంత దగ్గర్లో, ఎంతసేపు, ఆ గదిలో గాలి మారుతోందా లేదా. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ దక్షిణ కొరియాది. 2020 మార్చిలో సియోల్ నగరంలో ఒక పెద్ద భవనంలో 11వ అంతస్తులో కాల్‌సెంటర్ ఉంది. ఆ అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి సోకింది. మొత్తం భవనంలో పరీక్షించింది 1,143 మందిని, దొరికిన కేసులు 97. అంటే మూడు తప్ప అన్నీ ఆ ఒక్క అంతస్తువే. ఆ అంతస్తులోనూ ఎక్కువమంది ఒకే వైపు వరసల్లో కూర్చున్నవాళ్ళు. లిఫ్టులో, మెట్ల దగ్గర వాళ్ళు మిగతా అంతస్తుల వాళ్ళకి తగులుతూనే ఉన్నారు కదా. అయినా అంటుకున్నది మాత్రం రోజంతా పక్కపక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడిన వాళ్ళకి.

అమీర్‌పేటలో కోచింగ్ క్లాసు చూసినవాళ్ళకి ఈ లెక్క అర్థం కావడానికి కొరియా దాకా పోనక్కర్లేదు. ఒక హాలు, ఆనుకుని వేసిన కుర్చీలు, ఏసీ చల్లదనం పోతుందని మూసేసిన తలుపులు, మైకు లేకపోతే గొంతెత్తి చెప్పే మాస్టారు. గట్టిగా మాట్లాడితే నోట్లోంచి వచ్చే తుంపర, సన్నటి తేమ ఎక్కువ. పైగా మనింట్లో గోడకుండే ఏసీ బయటి గాలి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఏసీ ఉంది కాబట్టి గాలి బాగుంటుందని నేనూ అనుకునేదాన్ని. చల్లటి గాలి వేరు, కొత్త గాలి వేరు.

మరి ఆ రోజు పోలీస్ స్టేషన్ ముందు లైను? ఫోటోలో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది ఆరుబయట. దానికంటే అద్దాలు బిగించుకుని అయిదుగురు కూర్చున్న కారు ప్రమాదం. దానికంటే ఆరు మంచాల గది ఇంకా ప్రమాదం. ఎందుకంటే కారు ప్రయాణం నాలుగైదు గంటలు, గదిలో పడక రోజూ ఎనిమిది గంటలు. పిల్లలు రోడ్డున పడ్డారన్న కోపంలో మనం హాస్టల్ వాళ్ళనే తిట్టాం. ఆరు మంచాలు వెయ్యనిచ్చినప్పుడు మాత్రం ఎవరం అడగలేదు. చవగ్గా వస్తుందని మనమే చేర్పించాం.

ఇక్కడ పెద్దల పొరపాటూ ఉంది. 2020 మార్చి చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలిలో వ్యాపించే జబ్బు కాదని ఖరాఖండిగా ప్రకటించింది. తుంపరలు, వాటితో తడిసిన వస్తువులు, చేతులు అంది. గాలి ద్వారా కూడా వస్తుందని సూటిగా ఒప్పుకునేసరికి 2021 వచ్చింది. ఈలోగా మనమేం చేశాం? పాలప్యాకెట్లు సబ్బుతో కడిగాం. వంకాయలు ఉప్పునీళ్ళలో నానబెట్టాం. పేపరు ఇస్త్రీ చేసి చదివిన మహానుభావులున్నారు. వైరస్ వీధిలోంచి ఎగిరొస్తుందని కిటికీలు మాత్రం గట్టిగా మూసుకున్నాం. చేతులు కడుక్కోవడం వృథా అనను, విరేచనాలు, జలుబులు తగ్గాయి. కానీ ఆ కడగడాలన్నీ ఎవరి నెత్తిన పడ్డాయో మీకు వేరే చెప్పాలా? నా చేతులు పగిలిపోయాయి. తీరా జబ్బు వచ్చింది వేరే దారిన.

అదెలాగో చెప్తాను. 2021 ఏప్రిల్. రెండో విడత. మా ఆయన ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. మూసిన గదిలో కేకు కోశారు, మాస్కులు తీసి పాట పాడారు. రెండు రోజులకి ఆయనకి జ్వరం. వెంటనే ఒక గదిలో పెట్టేశాం, విడి బాత్‌రూము ఉంది కదా అని. రెండో గదిలో నేను, అత్తయ్య, పిల్లలిద్దరు. భోజనం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదాన్ని మొదటి రోజు. రెండో రోజు జ్వరం 103కి పోయింది. గుమ్మం దగ్గర పెడితే ఎవరు తింటారు? లోపలికెళ్ళాను, తడిగుడ్డ వేశాను, జావ తాగించాను, పక్కన కూర్చున్నాను. కళ్ళజోడు మసకబారుతోందని గుడ్డమాస్కు ముక్కు కిందికి లాక్కునేదాన్ని. అయిదో రోజుకి నాకు ఒళ్ళునొప్పులు. పనెక్కువై అనుకున్నాను. ఆడవాళ్ళం అలాగే కదా అనుకుంటాం. రెండు రోజులు అలాగే తిరుగుతూ వండాను, రాత్రిళ్ళు అత్తయ్య పక్కనే పడుకున్నాను, ఏసీ వేసుకుని, తలుపులు వేసుకుని.

ఈ జబ్బులో లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందే ఎదుటివాళ్ళకి అంటించగలం. నాకు నొప్పులు మొదలయ్యేసరికే అత్తయ్యకి ఇచ్చేశానన్నమాట. ఆవిడ వేలికి పెట్టిన ఆక్సీమీటరులో 88 కనబడిన రాత్రి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మంచం దొరకడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చింది. ఆవిడ అదృష్టం, మా అదృష్టం. అందరికీ అలా కలిసిరాలేదు, ఆ ఏప్రిల్, మే నెలలు మీకూ గుర్తే.

కిందింటావిడ పరామర్శకి ఫోను చేసి ఏమందో తెలుసా? ‘‘మీరెక్కడికీ వెళ్ళరుగా, పనమ్మాయే తెచ్చుంటుంది’’ అని. పనమ్మాయిని మాన్పించి అప్పటికి నెల. అపార్ట్‌మెంట్లలోకి పనివాళ్ళని రానివ్వకుండా గేటు దగ్గర కాపలా పెట్టిన రోజులవి. ఆఫీసు నుంచి వచ్చిన మనింటి మగవాళ్ళని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. హాస్టల్ పిల్లని నేను రానివ్వలేదు కదా, నాకు ఆ మాట చురుక్కుమంది. అత్తయ్యకి జబ్బు బయటినుంచి పిల్ల తేలేదు, పనమ్మాయి తేలేదు. కోడల్ని, నేనిచ్చాను.

నా ఒక్క ఇంటి కథతో తీర్పు చెప్పడం లేదు. మన ఊరి లెక్కలే ఉన్నాయి. 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాదులో 30 వార్డుల్లో సుమారు 9,000 మంది రక్తం పరీక్షించారు. జబ్బు వచ్చి పోయినట్టు గుర్తులు, అంటే యాంటీబాడీలు, 54 శాతం మందిలో ఉన్నాయి. రెండో విడత ఇంకా రాకముందు సంగతిది. వాళ్ళలో నూటికి 75 మందికి పైగా తమకి వచ్చిందన్న సంగతే తెలియదు! ‘మా ఇంట్లో ఎవరికీ రాలేదు, మేం శుభ్రంగా ఉంటాం’ అని ఆ రోజుల్లో గొప్పలు పోయినవాళ్ళలో ఎంతమంది ఇందులో ఉన్నారో.

అందులో రెండు అంకెలు నన్ను ఆపేశాయి. ఇంట్లో ఒక కరోనా మనిషి ఉన్న కుటుంబాలవాళ్ళలో యాంటీబాడీలు 78 శాతం మందిలో కనబడ్డాయి. రెండోది, మగవాళ్ళలో 53, ఆడవాళ్ళలో 56. మూడు అంకెల తేడా పెద్దదేం కాదు, దానిమీద మేడలు కట్టక్కర్లేదు. కానీ ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళకి ముప్పు తక్కువన్న మన నమ్మకం మీద నీళ్ళు చల్లడానికి అది చాలు. బయటికి వెళ్ళొచ్చేవాళ్ళు తక్కువసేపు, ఎక్కువ చోట్ల ఉంటారు. ఇంట్లో ఉండేవాళ్ళు ఆ వచ్చినవాళ్ళతో రాత్రంతా ఒకే గదిలో ఉంటారు. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద చెయ్యి వేసేది ఎవరు? ఇదే సర్వేలో డెబ్బై దాటిన వాళ్ళలో 49 శాతమే. బయటికి తిరగకుండా ఉన్నారు, ఇంట్లోవాళ్ళు జాగ్రత్త పడ్డారు, అందువల్ల కావచ్చని పరిశోధకులు అన్నారు. అంటే జాగ్రత్త పడితే ఫలితం ఉందన్నమాటే. కాకపోతే ఒకరి జాగ్రత్త ఇంకొకరు మోస్తారు.

ఇంటి బయట కూడా ఈ మోత ఆడవాళ్ళదే. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ జ్వర సర్వే చేయించింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు, అంగన్‌వాడీ వాళ్ళు గడప గడపకీ వెళ్ళి జ్వరముందా, దగ్గుందా అని అడిగి మందుల పొట్లం ఇచ్చారు. మా గడపకొచ్చిన అమ్మాయి మాస్కు రెండు మూడుసార్లు ఉతికినట్టు వెలిసిపోయి ఉంది. ఇమ్యూనిటీకి ఏం తింటున్నారని ఆ అమ్మాయిని అడగడం ఎంత హాస్యాస్పదం! నర్సులు, ఆయాలు, ఆసుపత్రి వార్డు ఊడ్చే వాళ్ళు, వీళ్ళ ముప్పు వాళ్ళ ఒంట్లో లేదు, వాళ్ళ డ్యూటీలో ఉంది. దానికి మందు మంచి మాస్కు, సరిపడా మనుషులు, సెలవు దొరకడం. అంతేగానీ కషాయం కాదు.

టీకాల దగ్గర ఇంకో వింత జరిగింది. భారత్ బయోటెక్ కోవాక్సిన్ తయారైంది మన హైదరాబాదు పొలిమేరల్లోనే. అయినా 2021 మధ్య దాకా దేశంలో టీకా వేయించుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు వెనకబడే ఉన్నారు. నెలసరి రోజుల్లో వేయించుకోకూడదని పుకారు ఒకటి, ముందు సంపాదించేవాళ్ళకి అన్న ఇంటి తీర్మానం ఒకటి. గర్భిణులకి అనుమతి వచ్చిందే 2021 జులైలో. తర్వాత తేడా చాలావరకు పూడింది. టీకా వల్ల సోకడం పూర్తిగా ఆగదని, ముఖ్యంగా ఒమిక్రాన్ వచ్చాక మనకి అనుభవమే. కానీ ఇందాక చెప్పిన రెండో ప్రశ్న, ముదరడం, దానికి టీకా పెద్ద అడ్డుగోడ. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బుకి పెట్టిన అత్యవసర పరిస్థితి ఎత్తేసింది. 2025లో చిన్నదాని వయసు పిల్లలకి ఇది ఎక్కువగా జలుబూ జ్వరమే. మా అత్తయ్య వయసు వాళ్ళకి మాత్రం ఇంకా జలుబు కాదు.

సరే, హాస్టల్ గదిలోకి వద్దాం. ‘దోమలొస్తాయి’ అన్న వార్డెనమ్మ మాట కొట్టిపారేసేది కాదు. వానాకాలం హైదరాబాదులో డెంగ్యూ వస్తుంది, అదీ వైరసే. కిటికీ తీస్తే ఒకటి, మూస్తే ఇంకొకటి. దోమల జాలీ కొట్టించమన్నాను. ఖర్చు ఎవరిదన్న దగ్గర అరగంట బేరం. చివరికి సగం మాది, సగం వాళ్ళది. బీరువా ఎదుటి గోడకి జరిపించాం. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి, లోపలి గాలి బయటికి పోతుంది అంటే మాత్రం ఆవిడ నవ్వి ఊరుకుంది. వేరే హాస్టల్ చూద్దామా అంటే చిన్నది ఒప్పుకోలేదు. ఇన్‌స్టిట్యూట్ నాలుగడుగుల దూరమట, స్నేహితురాళ్ళిద్దరు ఇక్కడే చేరారట. ముగ్గురుండే గది తీసుకుందామంటే అక్క బడ్జెట్ దాటింది. ముప్పు తగ్గించుకోవాలంటే డబ్బు కావాలి, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

మొదటి వారం ఆ గదిలో రోజూ యుద్ధమే. ఇద్దరికి ఏసీ కావాలి, ఒకమ్మాయికి కింద కర్రీ పాయింట్ వాసన పడదు, కిటికీ తీస్తే తలనొప్పి. పడుకునే ముందు గంటసేపు, పొద్దున లేవగానే గంటసేపు కిటికీ, తలుపు రెండూ తీసి ఫ్యాను వెయ్యాలి, ఎవరైనా దగ్గుతుంటే రాత్రంతా తెరిచే ఉంచాలి అని రాజీ కుదిరిందని చిన్నది చెప్పింది.

ఆగస్టులో ఆ గదిలో ఒకమ్మాయికి జ్వరం, దగ్గు. ‘‘పిన్నీ, మీ ఇంటికి రానా?’’ అని ఫోను. నేను జవాబు చెప్పేలోపు అవతల సోఫాలోంచి అత్తయ్య, ‘‘రమ్మను, రమ్మను. అడుగుతుందేమిటి?’’ అంది. ఈసారి రేపటిదాకా చూడలేదు. హాల్లో కిటికీ కింద మడతమంచం వేశాం. అయిదు రోజులు అత్తయ్య దగ్గరికి వెళ్ళకుండా, ఇంట్లో అటూ ఇటూ తిరిగేటప్పుడు ఎన్-95 మాస్కు పెట్టుకుని ఉంది. ఆ మాస్కులో నుంచే అత్తయ్యతో దూరంగా కూర్చుని కబుర్లు, టీవీ సీరియల్ మీద వాదనలు.

జ్వరం వచ్చిన అమ్మాయిది ఆదిలాబాదు. ఫ్లూ అని తేలింది. తనని ఆ గదిలోనే ఒక్కదాన్నీ ఉంచి, మిగతా వాళ్ళని వేరే గదుల్లో సర్దారట. మరి ఆ పిల్లకి జావ ఎవరిస్తారు? వార్డెనమ్మ వంటమనిషి రాలేదంది. నేను కాచాను. క్యారియరు పట్టుకుని పొద్దునా సాయంత్రం హాస్టల్ గేటు దాకా వెళ్ళింది మాత్రం మా ఆయన.